మరణ పత్రంలో లేని గడి

మరణ నమోదుకు నింపే రెండో నంబరు ఫారంలో మృతుని మతం, వృత్తి రాయాలి. ఎన్నేళ్లు పొగ తాగాడో, ఎన్నేళ్లు పొగాకు నమిలాడో కూడా చెప్పాలి. కులం గడి మాత్రం లేదు. కోవిడ్ మృతుల్లో బీడీ జాడ దొరకవచ్చు గాని, బీడీ పట్టిన చెయ్యి ఏ వాడదో తేలదు. పొగాకు ఊపిరితిత్తులను దెబ్బతీసి జబ్బును ముదరబెడుతుందన్నది నేను కాదనను. కానీ 2020 లాక్‌డౌన్‌లో ఉపాధి అగ్రవర్ణాల్లో 7 శాతం పాయింట్లు తగ్గితే, దళితుల్లో 20 పాయింట్లు పడిపోయిందని అశ్వినీ దేశ్‌పాండే, రాజేశ్ రామచంద్రన్ తేల్చారు. పని పోయిన ఇంట్లో ఆకలిని మరిపించేది బీడీయే. దగ్గు ముదిరినా ఆస్పత్రి ప్రయాణం వాయిదా పడుతుంది. ఇక నిజామాబాద్, జగిత్యాలల్లో బీడీలు చుట్టే తల్లులు తాగకుండానే ఆ ధూళిని పీలుస్తారు. వాళ్లనే గడిలో రాస్తారు? జనగణనలో కులాన్ని లెక్కించేందుకు కేంద్రం 2025లో ఒప్పుకుంది. మరణ ఫారంలోనూ ఆ గడిని చేర్చాలి.