ఒక మార్కు బిట్టు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చున్న ఏ కుర్రాణ్ణయినా అడగండి: మన సైన్యంలో మేజర్ జనరల్ అయిన తొలి మహిళ ఎవరు? చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే చెప్తాడు: గెర్ట్రూడ్ అలీ రామ్, 1976. ఆవిడ చేసిన పనేమిటని అడగండి. నీళ్ళు నములుతాడు.

ఆవిడ నర్సు.

కుర్రాణ్ణి అనను. మిలిటరీ నర్సును ఒక మార్కు బిట్టుగా కుదించింది ఈ దేశం. మెడల్ మెడలో వేసేటప్పుడు అమ్మా అంటుంది, హక్కు అడిగితే నువ్వెవరమ్మా అంటుంది.

చిత్తూరు జిల్లా ఆడపడుచు బ్రిగేడియర్ ఎస్.వి. సరస్వతి 1983లో మిలిటరీ నర్సింగ్ సర్వీసులో చేరారు. ఆపరేషన్ థియేటర్లో 3,000కు పైగా అత్యవసర శస్త్రచికిత్సల్లో పాలుపంచుకున్నారు. 2020 సంవత్సరానికి జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు రాష్ట్రపతి నుంచి అందుకున్నారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కటౌట్‌కు పాలాభిషేకం చేసే మనకు ఆ పేరు తెలుసా? చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో రోజంతా పేపర్లు నమిలే మనకైనా?

పతకం కథ అది. ఇక పెళ్ళి కథ వినండి. ఎక్కడో కాదు, ట్యాంక్‌బండ్ అవతల సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌లో పనిచేసిన లెఫ్టినెంట్ సెలీనా జాన్ 1988లో ఒక ఆర్మీ ఆఫీసర్ని పెళ్ళాడారు. ఉద్యోగం ఊడింది. 1977 నాటి ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్ 61 ప్రకారం నర్సును ఇంటికి పంపడానికి కారణాలు ఇవీ: అనారోగ్యం, దుష్ప్రవర్తన, పెళ్ళి! మూడూ ఒకే వరుసలో! పెళ్ళికొడుక్కి ఆ రూలు లేదు, ఆడవాళ్ళకే. 1995లో దాన్ని ఎత్తేశారు. ఆవిడకు న్యాయం మాత్రం 2024 ఫిబ్రవరిలో దొరికింది. అది వివక్షేనని చెప్పి, 60 లక్షలు కట్టమంది సుప్రీంకోర్టు. ముప్ఫై ఆరేళ్ళు! అప్పుడు పుట్టిన బిడ్డ గ్రూప్స్ రాసి, ఉద్యోగంలో చేరి, ప్రమోషన్ కూడా కొట్టేసేంత కాలం. సాయుధ దళాల ట్రిబ్యునల్ 2016లోనే ఆవిడ పక్షాన తీర్పిస్తే అప్పీలుకు పోయింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వం!

ఈ నర్సుల మీద ఇప్పటికీ నడుస్తున్న చట్టం పేరు తెలుసా? 1943 నాటి ఆర్డినెన్స్. ప్రపంచ యుద్ధం మధ్యలో తెల్లదొర హడావిడిగా రాసిన కాగితం. యుద్ధం అయిపోయింది, దొర ఓడెక్కాడు, కాగితం మాత్రం ఇక్కడే చతికిలబడింది. పోనీ, నర్సింగ్ సర్వీసు సాయుధ దళాల్లో భాగమని ఆ కాగితమైనా ఒప్పుకుంది. మన ఆఫీసులు దాన్నీ ఒప్పుకోవు. పంజాబ్‌లో ఒక మాజీ మిలిటరీ నర్సు సివిల్ సర్వీసుకు మాజీ సైనికుల కోటాలో దరఖాస్తు పెడితే, నువ్వు మాజీ సైనికురాలివి కాదు పొమ్మంది అక్కడి పబ్లిక్ సర్వీస్ కమిషన్. ఆవిడ కేసూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2024లోనే గెలవాల్సి వచ్చింది. గాయానికి కట్టు కట్టిన చెయ్యి సైనికురాలిది కాదట! కట్టు కట్టించుకున్నవాడు మాత్రం సైనికుడట!

పార్లమెంటు ఆ ఆర్డినెన్స్‌ను చెత్తబుట్టలో వేసి సొంత చట్టం చెయ్యాలి. మాజీ సైనికులంటే మిలిటరీ నర్సులు కూడా అని ప్రతి రాష్ట్రం తన రూల్స్‌లో తెలుపు మీద నలుపుగా రాసుకోవాలి. కోర్టు మెట్లెక్కితే తప్ప దక్కని హక్కు హక్కేనా? ఆడపిల్లల చదువు కోసం మాడపాటి హనుమంతరావు పోరాడి బడి పెట్టిన నారాయణగూడ పక్కనే బతుకుతున్న మనం ఈ మాట గట్టిగా అడగలేమా?

అశోక్‌నగర్ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మీలో కొందరు సెక్రటేరియట్‌లో ఫైలు ముందు కూర్చుంటారు. మాజీ సైనికుల కోటా కింద ఒక నర్సమ్మ అర్జీ వస్తుంది. అర్హురాలేనా అని కింది సెక్షన్ కొర్రీ వేసి పంపుతుంది. అప్పుడు ఈ బిట్టు గుర్తు తెచ్చుకుని, ఆ కొర్రీ కొట్టేసి, సంతకం పెట్టండి.