అదృష్టం ఉత్తరం రాయదు

నేపాలులో దశైన్ పండుగకూ, అమెరికా వీసా లాటరీకీ ఏళ్ల తరబడి పొత్తు కుదిరింది. దశైన్ అంటే మన దసరాయే. ఆ పండుగ దినాల్లోనే, అక్టోబరు తొలివారం మొదలుకొని సుమారు నెల రోజులపాటు, ఈ లాటరీకి దరఖాస్తులు స్వీకరించేవారు. కాఠ్మండూలోనూ, చిన్న పట్టణాల్లోనూ సైబర్ దుకాణాల ముందు యువతీయువకులు బారులు తీరేవారు. దుకాణదారు ఒక తెల్లని గుడ్డ ముందు నిలబెట్టి ఛాయాచిత్రం తీసేవాడు. పేరు, పుట్టిన తేదీ, చదువు అడిగి కంప్యూటరులో నింపేవాడు. అడిగిన డబ్బు ఇచ్చి, వచ్చినవారు పండుగకు ఊరు చేరుకునేవారు. మరుసటి మే నెలలో ఫలితాలు వెలువడేవి. పేరు వచ్చినవారి గురించి 'డీవీ పర్యో' అని ఊరంతా చెప్పుకునేది. లాటరీ తగిలిందని ఆ మాటకు అర్థం.

ఇంతలో చాలామంది గమనించని విషయం ఒకటుంది. దరఖాస్తు చేరగానే కంప్యూటరు తెర మీద ఒక ధ్రువీకరణ సంఖ్య ప్రత్యక్షమవుతుంది. ఎంపిక అయినదీ లేనిదీ తెలుసుకోవడానికి ఆ సంఖ్యే తాళంచెవి. దరఖాస్తుదారు దానిని అడిగి రాసుకోకపోతే అది దుకాణదారు దగ్గరే ఉండిపోతుంది. పైగా ఈమెయిల్ చిరునామా సైతం దుకాణదారుదే ఇచ్చి ఉంటే, మరచిన సంఖ్యను తిరిగి రాబట్టుకునే మార్గమూ మూసుకుపోతుంది. మే నెలలో ఫలితం మొదట చూసేవాడు అతడే. పేరు వచ్చిందని తెలిస్తే ఆ సంఖ్యకు అతడు చెప్పిందే వెల. పొలం తాకట్టు పెట్టి ఆ వెల చెల్లించవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. తన అదృష్టాన్ని తానే రెండవసారి కొనుక్కోవడమన్నమాట!

ఈ లాటరీ బూటకం కాదు. 1990లో అమెరికా చేసిన వలస చట్టం దీనికి మూలం. 1995 ఆర్థిక సంవత్సరం నుంచి ఇది అమలులోకి వచ్చింది. అమెరికాకు తక్కువ సంఖ్యలో వలస వెళ్లే దేశాల వారికి స్థిరనివాస అవకాశం కల్పించడం దీని ఉద్దేశం. చట్టం నిర్దేశించిన వీసాలు ఏటా 55,000. ఇతర పథకాలకు కొన్నింటిని మళ్లించిన తరువాత మిగిలేవి అంతకంటే తక్కువే. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి దక్కవు. దరఖాస్తుదారు ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసి ఉండాలి. లేదా శిక్షణ అవసరమైన వృత్తిలో గత అయిదేళ్లలో రెండేళ్ల అనుభవం ఉండాలి.

పేరు రావడానికీ వీసా చేతికందడానికీ చాలా దూరం ఉంది. 2025 సంవత్సరపు వీసాలకు సుమారు రెండు కోట్ల దరఖాస్తులు రాగా, కుటుంబ సభ్యులతో కలిపి దాదాపు 1,31,000 మందిని ఎంపిక చేశారు. ఉన్న వీసాలకు ఇది రెట్టింపు కంటే ఎక్కువ. వరుస సంఖ్య వెనుకబడినవారికి సెప్టెంబరు 30 లోగా వంతు రాకపోతే ఆ ఎంపిక అంతటితో సరి. మరుసటి ఏటికి చెల్లదు. 2011లో మరీ విచిత్రం జరిగింది. మే నెలలో ఫలితాలు ప్రకటించిన కొద్ది రోజులకే, కంప్యూటరు లోపం వల్ల ఎంపిక సక్రమంగా జరగలేదంటూ అమెరికా విదేశాంగ శాఖ వాటిని రద్దుచేసింది. దాదాపు 22,000 మంది ఆనందం రెండు వారాలైనా నిలువలేదు.

నిజమైన లాటరీయే ఇంత అనిశ్చితమైనప్పుడు, వీసా ఖాయమని హామీ ఇచ్చే దళారి మాటకు విలువ ఎంత? అతడు చేయగల మేలు లేకపోయినా కీడు మాత్రం చాలా ఉంది. ఒక వ్యక్తి పేరిట ఒకే దరఖాస్తు ఉండాలన్నది నియమం. రెండు కనబడితే రెండూ చెల్లవు. బంగ్లాదేశ్‌కు ఈ లాటరీలో అర్హత ఉన్న రోజుల్లో, అక్కడి ఒక దళారి టెలిఫోను డైరెక్టరీలోని పేర్లన్నిటినీ దరఖాస్తులుగా పంపాడట. అమెరికా పార్లమెంటుకు చెందిన తనిఖీ సంస్థ 2007లో వెలువరించిన నివేదికలో ఈ సంగతి ఉంది. ఎంపిక అయినవారి నుంచి డబ్బు గుంజడం, లేదా ఆ అవకాశాన్ని ఇతరులకు అమ్ముకోవడం అతడి పన్నాగం. ఆ డైరెక్టరీలో పేరున్న పాపానికి, నిజాయితీగా స్వయంగా దరఖాస్తు చేసుకున్నవారు తమకు తెలియకుండానే అనర్హులయ్యే ప్రమాదం ఏర్పడింది.

ఇంతకంటే దారుణమైనది దొంగ పెళ్లి. ఖర్చులకు డబ్బు లేని విజేతకు దళారి పెట్టుబడి పెడతాడు. బదులుగా, ముక్కూమొహమూ తెలియని వ్యక్తిని భార్యగానో, భర్తగానో చూపించమంటాడు. కాన్సులేటు అధికారి ఇద్దరినీ ప్రశ్నించి మోసాన్ని పసిగడితే వీసా పోవడమే కాదు, ఆ దేశంలో అడుగుపెట్టే అర్హతే శాశ్వతంగా పోవచ్చు. దళారికి పోయేది పెట్టుబడి మాత్రమే.

ఇక మన సంగతి. గడచిన అయిదేళ్లలో 50,000 మందికి పైగా వలసదారులను పంపిన దేశాలకు ఈ లాటరీలో చోటు లేదు. ఈ పథకం అమలులోకి వచ్చిన నాటి నుంచీ భారతదేశం ఆ నిషిద్ధ జాబితాలోనే ఉంది. అయినా హైదరాబాదులోనో, విజయవాడలోనో ఉన్నవారికి 'మీరు అమెరికా గ్రీన్ కార్డు లాటరీ గెలిచారు' అంటూ ఈమెయిల్ వస్తుంది. గద్ద బొమ్మ, ముద్ర, సంతకం అన్నీ ఉంటాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇటువంటి సందర్భానికే పుట్టిందేమో! భారతదేశంలో జన్మించినవారికి మినహాయింపులు రెండే: జీవిత భాగస్వామి నేపాలు వంటి అర్హత గల దేశంలో జన్మించి ఉండడం, లేదా తల్లిదండ్రులలో ఎవరూ భారతదేశంలో జన్మించక, బిడ్డ పుట్టేనాటికి ఇక్కడ స్థిరనివాసులు కాకుండా, వారిలో ఒకరైనా అటువంటి దేశంలో జన్మించి ఉండడం. హెచ్ వన్ బీ ఉద్యోగ వీసాలకు జరిగే ఎంపిక దీనితో సంబంధం లేనిది. అందులో పేరు నమోదు చేయవలసింది అమెరికాలోని యజమాని, ఉద్యోగార్థి కాదు.

మోసాన్ని గుర్తుపట్టడానికి గొప్ప పాండిత్యం అక్కరలేదు. ఎంపిక అయ్యారని అమెరికా ప్రభుత్వం ఎవరికీ ఉత్తరం రాయదు, ఈమెయిల్ పంపదు, ఫోను చేయదు. దరఖాస్తుదారే విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో తన సంఖ్యతో చూసుకోవాలి. ఆ చిరునామా 'డాట్ గవ్' అన్న అక్షరాలతో ముగుస్తుంది. ఒకప్పుడు దరఖాస్తుకు రుసుమే లేదు. 2025లో వచ్చిన నియమం నిర్ణయించిన రుసుము ఒకే ఒక డాలరు. ఎంపిక అయినవారు కట్టవలసిన వీసా రుసుము ఇంటర్వ్యూ నాడు రాయబార కార్యాలయంలోనో, కాన్సులేటులోనో చెల్లించేదే. ముందుగా ఏదో ఖాతాకు పంపమన్నవాడు మోసగాడే.

2025 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ వీసాల మంజూరును నిలిపివేసింది. తలుపు మూసిన వేళనే దొడ్డిదారి చూపిస్తానన్నవాడికి గిరాకీ పెరుగుతుంది. కనుక జాగ్రత్త ఇప్పుడే ఎక్కువ అవసరం. నేపాలీ యువకుడికైనా, మరెవరికైనా పెద్దలు చెప్పదగిన మాట ఒకటే: దరఖాస్తు చేసే అవకాశం వచ్చిన నాడు సొంత ఈమెయిల్ ఇవ్వాలి, ధ్రువీకరణ సంఖ్యను కాగితం మీద రాసుకుని, ఇంట్లో చదువు సర్టిఫికెట్లు దాచుకునే పెట్టెలోనే భద్రపరచాలి, అది చేతికి అందనిదే ఆ దుకాణం గడప దాటకూడదు.