మూఢంలో ఆగిన బువ్వ

"ఆరో నెలల చేద్దమంటె మూఢం, ఎనిమిదో నెలల చేద్దమంటె ఆషాఢం. ఇగ కార్తీకంల మంచిగ అన్నం ముట్టిస్తం. పాలు తాగుతనే ఉన్నడు గద, ఏం తొందర?" మొన్న స్టేషన్ ఘన్‌పూర్‌లో చుట్టాలింట ఒక పెద్దమ్మ అన్న మాట ఇది. ఆమె ఒళ్లో ఉన్న మనవడు ఆనుడు లేకుండా కూర్చుంటున్నాడు. కంచాల వైపు చేతులు చాస్తున్నాడు. ఎదుటివాళ్లు ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే తనూ నోరు తెరుస్తున్నాడు. ఆ మాటకు అక్కడున్న డిగ్రీలవాళ్లు కూడా తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఇంకా చల్లారలేదు.

ఈ లెక్క మన ఇళ్లల్లో ఎలా నడుస్తుందో చూడండి. మగపిల్లవాడికి సరి నెల, ఆడపిల్లకు బేసి నెల. ఆరులో మూఢం వచ్చింది కాబట్టి ఎనిమిది. ఎనిమిదిలో ఆషాఢం, అది శూన్యమాసం. తొమ్మిది బేసి, పనికిరాదు. పది భాద్రపదంలో పడింది, అదీ శూన్యమాసమే. పదకొండు మళ్లీ బేసి. ఇక మిగిలింది పన్నెండో నెల, కార్తీకం. అంటే పంచాంగం తిరగేసేసరికి పిల్లవాడి మొదటి పుట్టినరోజు గుమ్మంలోకి వచ్చేసింది. అప్పటిదాకా వాడు ఏం తిని పెరగాలి? అదే ఇంట్లో ఆడపిల్ల పుట్టి ఉంటే అయిదో నెలలోనే పాయసం నాకించేవారు. ఒకరికి తొందరపాటు, ఒకరికి ఆలస్యం. ఆడపిల్ల పేగుకూ మగపిల్లవాడి పేగుకూ ఏం తేడా ఉందని ఈ రెండు కొలతలు?

శాస్త్రం చెప్పిందంటారు. ఏ శాస్త్రం? ఆశ్వలాయన గృహ్యసూత్రం అన్నప్రాశనకు ఆరో మాసం అని సూటిగా చెప్పింది. ఆ పిల్లవాడికి ఏం పెట్టవచ్చో చెబుతూ నెయ్యి కలిపిన అన్నంతో పాటు మేక మాంసాన్నీ, తిత్తిరి పిట్ట మాంసాన్నీ పేర్కొంది. గుడ్డు అనగానే "అమ్మో, అరగది" అనేవాళ్లు ఆ పేజీ ఒకసారి తెరిచి చూడాలి. పాత గ్రంథం ఆరో నెల అంటే దాన్ని పన్నెండో నెలకు జరిపింది మనమే.

ఆరు నెలల మాట ఎవరో గాలికి అన్నది కాదు. అంతకుముందు నాలుగు నుంచి ఆరు నెలలు అనేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత పాలతో పాటు తిండి అని తీర్మానించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అదే. మనవాళ్లు ఆ మాటలో మొదటి సగం మాత్రమే విన్నారు. తల్లిపాలు అమృతం అని గోడల మీద రాసి రాసి, రెండో సగం రాయడం మరిచిపోయారు.

తల్లిపాలను నేను తక్కువ చేయడం లేదు. రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వాలనే అంటాను. కానీ లీటరు తల్లిపాలలో అర మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తల్లి ఒంట్లోంచి తెచ్చుకున్న ఇనుముతోనే మొదటి నెలలు గడుపుతుంది. ఆ నిల్వ ఆరో నెల దగ్గరకు వచ్చేసరికి ఖాళీ అవుతుంది. తల్లికే రక్తం తక్కువైతే ఇంకా ముందే అయిపోతుంది. శక్తి సంగతీ అంతే. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పాలకు తోడు రోజుకు సుమారు 200 కేలరీలు తిండి నుంచి రావాలి, తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య 300, ఏడాది దాటాక 550. కార్తీకం దాకా ఆగిన పిల్లవాడికి ఇన్ని నెలల పాటు రోజూ ఈ లోటు. పెరిగే మెదడుకు ఆ నెలలు మళ్లీ తిరిగిరావు.

ఫలితం మన కళ్ల ముందే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 100కు 70 మందికి రక్తహీనత. దేశం మొత్తం మీద ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో పాలతో పాటు తిండి అందుతున్నది 100కు 46 మందికే. రెండేళ్లలోపు పిల్లల్లో సరిపడా తిండి తింటున్నవాళ్లు 11 మంది. రక్తహీనతకు కారణాలు వేరేవీ ఉన్నాయని వాదించేవాళ్లు వాదించుకోవచ్చు. బువ్వ పెట్టకపోవడం అందులో ఒకటి కాదని మాత్రం ఎవరూ అనలేరు.

"పండ్లు రాలే" అనేది ఇంకో అడ్డం. చిగుళ్లతోనే మెత్తని ముద్ద నలుగుతుంది. దీని మీద ఇంతకంటే మాట్లాడనక్కర్లేదు.

"అరగదు" అన్నదాని మీద మాత్రం మాట్లాడాలి, ఎందుకంటే ఇది అన్నింటికంటే మోసపు మాట. అన్నం అరగదన్న ఇంట్లోనే చాయలో ముంచిన బిస్కెట్ అరుగుతుంది! నేను కళ్లారా చూశాను. పిల్లవాడు ఏడిస్తే తాత గ్లాసులోంచి బిస్కెట్ ముంచి నోట్లో పెడతాడు. దానికి ముహూర్తం అక్కర్లేదు, సరి నెల అక్కర్లేదు. మైదా, చక్కెర, పైన చాయ. ఆ చాయ ఉన్న కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వదు. ఇంటి పెసరపప్పు అపవిత్రమై, కిరాణా దుకాణం పొట్లం పవిత్రమైందా?

తీరా ముహూర్తం వచ్చి అన్నం ముట్టించాక ఏం పెడతారు? పప్పు మీది తేట, గంజినీళ్లు, చారు నీళ్లు. గింజ కింద ఉంటుంది, నీళ్లు బిడ్డకు. ఆ వయసు పొట్ట చిన్నది. నీళ్లతో నిండితే తిండికి చోటుండదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేటంత చిక్కగా ఉండాలి ముద్ద. అన్నం, పెసరపప్పు, ఆకుకూర మెత్తగా ఉడికించి, చేత్తో పిసికి, నెయ్యి వేసి పెడితే చాలు. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడు సార్లు. గుడ్డు ఏడాది దాకా ఆపక్కర్లేదు. బాగా ఉడికించి మెదిపి పెట్టవచ్చు. పల్లీలు గింజలుగా పెడితే గొంతులో అడ్డుపడతాయి, మెత్తగా నూరి కలిపితే మంచిది. ముహూర్తం నాడు నాలుక మీద రాసే తేనె మాత్రం ఏడాదిలోపు వద్దే వద్దు. అందులో ఉండగల ఒక రకం క్రిమి చంటిపిల్లల నరాలను పడగొడుతుంది. వద్దన్నదేమో మొదటి రోజే నాకిస్తారు, కావలసిందేమో నెలల తరబడి ఆపుతారు!

పట్నం పోయినవాళ్లు డబ్బా కొంటారు. రెండేళ్లలోపు పిల్లల డబ్బా తిండికి ప్రకటనలు ఇవ్వకూడదని 1992 నాటి చట్టం, 2003లో దానికి చేసిన సవరణ చెబుతున్నాయి. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ సంస్థ బయటపెట్టిన సంగతి అందరూ చదివారు. మన దగ్గర అమ్మే సెరెలాక్‌లో ఒక్కో పూటకు సగటున మూడు గ్రాముల దాకా చక్కెర కలుపుతున్నారనీ, ఆ కంపెనీ తన సొంత దేశంలో అమ్మేదాంట్లో కలపడం లేదనీ. చదివి, మళ్లీ కొన్నారు. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం ఏడో నెల నుంచి ఈ పిల్లల కోసమే వస్తుంది, నెలకు రెండున్నర కిలోల పొట్లం. అది ఇంట్లో పెద్దపిల్లలకు లడ్డూలవుతుంది. చిన్నవాడికేమో ఇంకా అన్నం ముట్టించలేదు కదా!

ఇంత జరిగినా నింద ఎవరి మీద? తల్లి మీద. పిల్లవాడు ఎదగకపోతే "దానికి పాలు సరిపోతలేవు" అంటారు. పాలు సరిపోకపోవడం కాదు, పాలకు తోడు కావలసింది మీరు పెట్టకపోవడం. 2017లో చట్టం సవరించి ఉద్యోగినులకు 26 వారాల సెలవు ఇచ్చారు, సంతోషం. పత్తి ఏరబోయే తల్లికి, నాటు వేయబోయే తల్లికి ఆ సెలవు ఎవరిచ్చారు? ఆమె పొద్దున పోయి సాయంత్రం వస్తుంది. నడుమ పూట పిల్లవాడి ఆకలికి ఇంట్లో ఉన్న నాయనమ్మ, అమ్మమ్మ, తాత జవాబు చెప్పాలి. వాళ్ల చేతిలోనేమో పంచాంగం ఉంటుంది.

పండుగ వద్దని నేననడం లేదు. కార్తీకంలోనే చేసుకోండి. చిల్పూరు గుట్ట మీద బుగులు వెంకన్న దగ్గరికి పోయి చేసుకోండి. పాయసం, కొత్త బట్టలు, ఎదురుగా పుస్తకమూ బంగారమూ పెట్టి పిల్లవాడు ఏది పడతాడో చూసే ముచ్చట, అన్నీ తీర్చుకోండి. బువ్వను మాత్రం ఆ రోజుకు ముడిపెట్టకండి. ఆరు నెలలు నిండిన మర్నాడు అమావాస్య అయినా సరే మొదలుపెట్టండి.

సర్కారు చేయాల్సిందీ ఒకటుంది. టీకాల కార్డు తీసి చూడండి. పద్నాలుగు వారాల టీకా తర్వాత మళ్లీ పిలిచేది తొమ్మిదో నెలలో. సరిగ్గా ఆరో నెలలో, తల్లికి ఈ మాట చెప్పాల్సిన నెలలో, ఆమెను రమ్మనే టీకా లేదు. ఆ ఖాళీలోనే పంచాంగం దూరుతున్నది. 2018లో కేంద్రం మొదలుపెట్టిన పథకం ప్రకారం ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి రావాలి. మిగతావి ఎట్లా ఉన్నా ఆ ఆరో నెల రాక తప్పకూడదు. వచ్చి కాగితం నింపుకుని పోవడం కాదు. గిన్నె అడిగి, పప్పన్నం పిసికించి, మొదటి ముద్ద నాయనమ్మ చేతనే పెట్టించి లేవాలి.