ఇంటికప్పు మీద వేపకొమ్మ

ఈ శీర్షికన ఇంతవరకు కప్పు కారడం, గోడ చెమ్మగిల్లడం వంటి విషయాలు ముచ్చటించుకొన్నాము. ఈ పర్యాయం మేస్త్రీ కట్టనిది, దానంతట అది పెరిగి మన నెత్తిమీదికి వచ్చినది ఒకటి తీసుకొంటున్నాము. అది చెట్టుకొమ్మ.

నందిని గనుల కాలనీలో పెరడున్న క్వార్టర్లకు వేపో, మామిడో, నేరేడో తోడుగా ఉండనే ఉంటుంది. చైత్ర వైశాఖాలలో సాయంకాలం ఆకాశం ఎర్రబడి గాలిదుమారం లేచినప్పుడు గృహస్థుల చూపు ముందుగా కప్పు మీదికి సాగిన కొమ్మ వైపే పోతుంది. మా పెరటి వేపకు అటువంటి కొమ్మ ఒకటి ఉన్నది. మొదట్లో సుమారు 25 సెంటీమీటర్ల లావు, ఆరు మీటర్ల పొడవు. అది వెనుక గదికి పడమటగా కప్పు మీదుగా సాగింది. ఆ గదిలో మా తల్లిగారు పడుకొంటారు. మొదలంటా కొట్టించివేయమని పొరుగింటి పెద్దాయన రెండేళ్లుగా చెబుతున్నారు. వారిది దురుద్దేశం కాదు. ఆయన తమ పెరట్లోని తురాయి కొమ్మ విరిగి రేకులషెడ్డు మీద పడడం కళ్లారా చూసినవారు.

కొట్టించివేయడం గంట పని. అయితే ఆ గంటలో పోయేదేమిటో లెక్క వేసుకోవాలి. మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే ఈ ప్రాంతంలో పడమటి గోడకు నీడ ఉన్న గది వేరు, లేని గది వేరు. ఉగాది పచ్చడికి వేపపువ్వు మెట్ల మీద నిలబడి కోసుకొనేది ఆ కొమ్మ నుండే. శ్రావణ అమావాస్య నాడు, ఛత్తీస్‌గఢ్ వారు హరేలీ జరుపుకొనేటప్పుడు, ఇరుగుపొరుగువారు గుమ్మాలకు కట్టే వేపమండలూ అక్కడివే. పైగా నందిని నేలలో అనేకచోట్ల మన్ను పలుచన, కింద సున్నపురాయి. ఈ నేలలో చెట్టును పెంచడం ఎంత శ్రమో గనులవారికి వేరుగా చెప్పనక్కరలేదు. తవ్వకం ముగిసిన గని భూమిలో 800 ఎకరాలకు పైగా మానవ నిర్మితమైన అడవిని పెంచే పని 2021లో ఇక్కడే మొదలైనది. ఒకవైపు మొక్కలు నాటుతూ మరొకవైపు ముప్పై ఏళ్ల కొమ్మను గంటలో దించడానికి మాకు మనసొప్పలేదు. మనసొప్పకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. కనుక కాగితం, పెన్సిలు తీసుకొన్నాము.

కొమ్మ అంటే ఒక చివర మాత్రమే బిగించిన దూలం. బాల్కనీ ఎట్లాగో ఇదీ అట్లాగే. పచ్చి కలప ఘనమీటరుకు సుమారు టన్ను తూగుతుందనుకొంటే, మా కొమ్మలో కలప భాగం 120 కిలోలు. ఆ బరువు కేంద్రం మాను నుండి 1.8 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆకు, రెమ్మ కలిసి 60 కిలోలనుకొందాము. అయితే అవి చివరన ఉంటాయి గనుక వాటి దూరం నాలుగున్నర మీటర్లు. బరువును దూరంతో గుణిస్తే కలప వంచే శక్తి సుమారు 220, ఆకు వంచే శక్తి 270, వెరసి 490 కిలోగ్రాము మీటర్లు. బరువులో మూడవ వంతు మాత్రమే ఉన్న ఆకు, వంచడంలో సగానికి మించి పాలు పంచుకొంటున్నది. క్రేను నడిపే సోదరులకు ఇది కొత్త కాదు. చెయ్యి చాచినకొద్దీ ఎత్తగల బరువు తగ్గిపోతుంది గదా.

ఈ శక్తి కొమ్మ మొదట్లో కలిగించే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 32 కిలోలు. గాలి దెబ్బకు అది మూడింతలైనదనుకొన్నా 100కు అటూ ఇటూ. గట్టి కలప విరగడానికి ఆ అంకె కొన్ని వందలకు చేరాలి. అంటే లోపం లేని కొమ్మ కేవలం తన బరువుతో విరగదు. అందులోనూ చెట్టు మనకంటే ముందున్న ఇంజనీరు. బాల్కనీ పోసేటప్పుడు ఇనుపకడ్డీలు పైభాగాన వేస్తాము, లాగుడు అక్కడ ఉంటుంది గనుక. వేప, మామిడి వంటి వెడల్పాకుల చెట్లు వాలిన కొమ్మకు పైభాగాననే లాగుడును తట్టుకొనే ప్రత్యేకమైన కలపను పెంచుకొంటాయి. దేవదారు, పైన్ జాతులు దీనికి విరుద్ధంగా అడుగుభాగాన పెంచి కిందినుండి దన్ను ఇస్తాయి.

కలప జాతిని బట్టి కూడా తేడా ఉన్నది. మునగచెట్టు ఎక్కించడం అనే మాట తెలుగువారికి ఊరకే పుట్టలేదు. ఊయలకు చింతకొమ్మను వెదికి, నేరేడుకొమ్మ మీద పిల్లలను కాలు పెట్టనివ్వని పెద్దలు బెండింగ్ పరీక్షలు చేసినవారు కారు. అయినా వారి పట్టిక తప్పు కాదు.

కాబట్టి పొడవును చూసి భయపడనక్కరలేదు, పంగను చూడాలి. కొమ్మ మానులో కలిసేచోట బెరడు పైకి ఉబ్బి మడత వలె కనిపిస్తే అతుకు బాగున్నట్లు. రెండు కొమ్మలు ఇరుకుగా చీలి, మధ్య బెరడు లోపలికి ముడుచుకొని పోతే అక్కడ కలపతో కలప కలవలేదని అర్థం. గాలికి చీలేవి చాలావరకు ఇవే. పంగ దగ్గర నిలువు పగులు, బెరడు నుండి మొలిచిన గొడుగు వంటి శిలీంధ్రం, చెదమట్టి, కారుతున్న రసం, ఒక్కసారిగా ఇంకొంత కిందికి దిగిన కొమ్మ కనిపిస్తే జాగు చేయరాదు. తొర్ర కనబడగానే హడలిపోవడం మాత్రం అనవసరం. గొట్టం బలం పైపొరలోనే ఉంటుంది. వ్యాసంలో పది వంతులకు ఏడు వంతులు బోలైనా, చుట్టూ గోడ ఒకేరీతిగా గట్టిగా ఉంటే, వంపును తట్టుకొనే బలంలో పోయేది నాలుగవ వంతే. ఆ గోడ ఒకపక్క తెరుచుకొన్నదా, లెక్క పూర్తిగా మారిపోతుంది.

మా వేప పంగ బాగున్నది. చెక్క సుత్తితో తట్టితే ఖంగుమన్నది. అయితే కొమ్మ మధ్యలో, పైభాగాన, ఎప్పుడో తాడు ఒరుసుకొన్న పాత గాయం ఒకటి ఉన్నది. అది పూడుతున్నదే గాని పూడిపోలేదు. లాగుడు పడేది సరిగ్గా ఆ వైపే. ఇక్కడ లెక్క మమ్మల్ని నిశ్చింతగా ఉండనివ్వలేదు.

ఈ తర్జనభర్జనలు వింటున్న మా తల్లిగారు, "నా మంచం ముందు గదిలో వేయించరా, చెట్టు జోలికి పోకు" అన్నారు. నవ్వుకొన్నాము గాని, భద్రతా శాస్త్రంలో మొదటి పాఠం అదే. ప్రమాదానికి రెండు భాగాలు ఉంటాయి. ఒకటి పడే అవకాశం, రెండవది కింద ఎవరున్నారన్నది. వేలాడే బరువు కింద నిలువరాదని కర్మాగారంలో బోర్డులు పెట్టుకొనే మనం ఇంట్లో ఆ మాట మరచిపోతాము. మంచం ఆ సాయంత్రమే జరిగినది. వర్షాకాలం దాటేవరకు అది అక్కడే.

మిగిలినది కొమ్మ సంగతి. ఉంచడం, కొట్టివేయడం అనే రెండింటి నడుమ మూడవ దారి ఉన్నది. అది కొమ్మను కురచ చేయడం. మా కొమ్మ చివరి మీటరున్నర తీసివేస్తే, సగం ఆకుతో కలిపి పోయే బరువు 37 కిలోలు, అంటే ఐదింట ఒక వంతు. తగ్గే వంపు మాత్రం ఐదింట రెండు వంతులు. గాలి పట్టే తెరచాప కూడా చిన్నదవుతుంది. నీడలో అధికభాగం మిగులుతుంది. అయితే ఎక్కడపడితే అక్కడ మొండిగా నరకరాదు. కోసేచోట పక్కకు చీలిన కొమ్మ ఉండాలి, దాని లావు కోసిన కొమ్మ లావులో మూడవ వంతుకు తగ్గరాదు. అప్పుడే అది కొత్త కొనగా పని చేస్తుంది. మొండిగా నరికినచోట గుత్తులుగా లేచే రెమ్మలు పైపొరను పట్టుకొని వేలాడేవే గాని లోపల పాదుకొన్నవి కావు. నాలుగేళ్లలో అవే కొత్త ప్రమాదం. లోపలి రెమ్మలన్నీ ఒలిచి కొసన కుచ్చు మిగల్చడం ఇంకా చెడ్డది, బరువంతా చివరకే చేరుతుంది. చెట్టు మొత్తం ఆకులో నాలుగవ వంతుకు మించి ఒక ఏడాదిలో తీయరాదు.

కొమ్మను మొదలంటా తీయక తప్పని ఇళ్లు కూడా ఉంటాయి. అప్పుడు మూడు కోతలు అవసరం. మానుకు అడుగు దూరంలో కిందినుండి మూడవ వంతు వరకు రంపం పెట్టాలి. దానికి కొంచెం ఆవలగా పైనుండి కోస్తే కొమ్మ బెరడును చీల్చుకొనిపోకుండా ఊడి వస్తుంది. మిగిలిన మోడును మాను దగ్గరి ఉబ్బుకు వెలుపలగా, ఉబ్బును తాకకుండా తీయాలి. ఆ ఉబ్బులోనే చెట్టు రక్షణగోడ ఉన్నది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువున కోసి పరిశీలించి, చెట్టు గాయాన్ని మనవలె మాన్పుకోదని, కుళ్లును ఓడలోని అరల వలె గోడలు కట్టి బంధిస్తుందని 1977లో సహరచయితతో కలిసి వివరించారు. తారు, రంగు పూయడం వలన కుళ్లు ఆగదని కూడా ఆయన పరిశోధనలు చూపినవి. మానుతో సమంగా నున్నగా చెక్కించి తారు పూయించడం మన వాడుక. చూపుకు ముచ్చటగానే ఉంటుంది, చెట్టుకు మాత్రం గోడ కూల్చినట్లే.

వేపకు మాఘమాసం అనుకూలం. ఆకు రాలి, కొత్త చిగురు ఇంకా వేయని సమయమది. ఎండు కొమ్మలకు మాత్రం ముహూర్తం అక్కరలేదు. గూళ్లున్నవేమో ముందుగా చూడాలి. సర్వీసు తీగ దగ్గర ఉంటే కరెంటు ఆపించనిదే చెట్టెక్కనీయరాదు. క్వార్టరులో ఉన్నంతకాలం చెట్టు నీడ మనది, చెట్టు సంస్థది. కనుక అర్జీ పెట్టి, మోకులున్న మనుషులను పంపించుకొనడమే మర్యాద. పొరుగువారి హద్దులోకి పోయిన కొమ్మను చెట్టు యజమానికి తెలియజేయకనే, వారి నేలలో అడుగుపెట్టకుండా కోసుకోవచ్చునని 1894లో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు చెప్పినది. లెమ్మన్, వెబ్ అనే ఇరుగుపొరుగుల మధ్య వ్యాజ్యమది. అది న్యాయస్థానం మాట. కాలనీలో గోడ మీదుగా ఒక మాట చెప్పి కోయించడమే మేలని మా ఉద్దేశం.

మేము అర్జీ పెట్టినాము. మాఘంలో మీటరున్నర దించుతారు. దిగిన మండలలో బియ్యపు డబ్బాలకు సరిపడా నీడన ఆరబెట్టుకొని, తక్కినవి పొరుగింటికి పంపాలని మా ఇంటివారు ఇప్పటికే నిశ్చయించినారు.