భారత్ - యు.ఎ.ఇ. దౌత్య సంబంధాలు మరియు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వలస కార్మికులు

భారతదేశము మరియు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యు.ఎ.ఇ.) దేశముల మధ్య దౌత్య సంబంధాలు 1972లో ఏర్పడినవి. తెలంగాణ రాష్ట్రంలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల నుండి, వాటి చుట్టుపక్కల గ్రామాల నుండి నాలుగు దశాబ్దాలకు పైగా కార్మికులు ఆ దేశానికి వలస వెళ్తున్నారు. ఈ ప్రాంతపు వాడుకలో సౌదీ అరేబియా, కువైట్, ఒమన్, కతర్, బహ్రెయిన్ అన్నీ 'దుబాయి' అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి. కొత్త ఢిల్లీ, అబుదాబిల మధ్య కుదిరిన ఒప్పందాలలో చమురు, వాణిజ్యము, భద్రతల వాటా ఎంత, కూలివాని వాటా ఎంత అన్నది ఈ మూడు పట్టణాల వైపు నుండి చూసినపుడు స్పష్టముగా తెలుస్తుంది.

పూర్వరంగము

యు.ఎ.ఇ. 1971 డిసెంబరు 2న ఏర్పడినది. అంతకు పూర్వము ఈ ఎమిరేట్లు బ్రిటీషు రక్షణలో ఉండేవి. 1947 వరకు గల్ఫ్ వ్యవహారాలు చూసే బ్రిటీషు రెసిడెంటు బ్రిటీషు ఇండియా ప్రభుత్వానికే జవాబుదారీగా ఉండేవాడు. భారత రిజర్వు బ్యాంకు 1959 నుండి ప్రత్యేకముగా ముద్రించిన 'గల్ఫ్ రూపాయి' దుబాయి అంగళ్ళలో 1966 వరకు చెల్లుబాటైనది. అనగా తెలంగాణ కూలీ దుబాయికి చేరక ముందే అక్కడ రూపాయి ఉన్నది. 1966 జూన్‌లో రూపాయి విలువను తగ్గించిన తరువాత ఎమిరేట్లు దానిని వదులుకున్నాయి.

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్‌లో రోడ్లు, ఓడరేవులు, భవనాల నిర్మాణానికి మనుషులు కావలసి వచ్చినారు. అదే దశాబ్దములో నాటి కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో రైతుకూలీల పోరాటాలు సాగుతున్నాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగినది. మరుసటి నెలలోనే ఈ రెండు తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినది. వలసకు కరువు ఒక్కటే కారణమని చెప్పడం పరిపాటి. కాని భూమి తగాదాలు, పోలీసు నిర్బంధము, బావుల మీద పెట్టిన అప్పులు కూడా ఈ వలస వెనుక ఉన్నాయి. సిరిసిల్ల నేతకార్మికులకు అంతకు ముందే భీవండి మరమగ్గాల దారి తెలుసు. భీవండి వెళ్ళినవారికి బొంబాయి ఏజెంటు పెద్ద దూరము కాలేదు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు మగవారు గల్ఫ్ బాట పట్టగా, ఇంటి ఖర్చు చాలామటుకు ఆడవారు చుట్టే బీడీల మీద నడిచినది.

ఒప్పందాల క్రమము

యు.ఎ.ఇ. రాయబార కార్యాలయము ఢిల్లీలో 1972లోను, భారత రాయబార కార్యాలయము యు.ఎ.ఇ.లో 1973లోను ప్రారంభమైనవి. షేక్ జాయెద్ 1975లో భారతదేశము వచ్చాడు. ఇందిరా గాంధీ 1981లో యు.ఎ.ఇ. వెళ్ళినది. ఆ తరువాత భారత ప్రధాని మరల అక్కడ అడుగుపెట్టినది 2015 ఆగష్టులో, నరేంద్ర మోడి పర్యటనతోనే. ఈ 34 ఏళ్ళ వ్యవధిలో లక్షలాది మంది భారతీయులు ఆ దేశములో పనిచేశారు. ప్రధాని స్థాయి పర్యటన మాత్రము ఒక్కటీ జరుగలేదు.

ఒప్పందాలు కుదిరిన వరుసను గమనిస్తే ప్రాధాన్యతలు తెలిసిపోతాయి. నేరస్తుల అప్పగింత ఒప్పందముపై 1999లో సంతకాలు జరిగినాయి. ఇది భారత ప్రభుత్వము తనకు కావలసిన నిందితులను రప్పించుకొనుటకు ఉపయోగపడేది. అక్కడి జైళ్ళలో ఉన్న భారతీయులు మిగిలిన శిక్షను స్వదేశములో అనుభవించుటకు వీలు కల్పించే ఖైదీల బదిలీ ఒప్పందము 2011లో గాని కుదరలేదు. రెండింటి మధ్య తేడా 12 సంవత్సరాలు. కార్మికుల నియామకాలపై అవగాహనా పత్రము 2006 డిసెంబరులో కుదిరి, 2011లో సవరించబడినది. సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందముపై 2022 ఫిబ్రవరి 18న సంతకాలు కాగా, అదే సంవత్సరము మే 1 నుండి అమలులోకి వచ్చినది. 1970లలో ఏడాదికి సుమారు 18 కోట్ల డాలర్లుగా ఉన్న వాణిజ్యము 2024-25లో 10,000 కోట్ల డాలర్లకు చేరినది. యు.ఎ.ఇ.లో నివసించే భారతీయులు 35 లక్షలకు పైబడినారు.

కార్మికుల వేతనము విషయములో దౌత్యము ఎదురుదిశలో నడిచిన సందర్భము కూడా ఉన్నది. విదేశీ యజమానులు భారతీయ కార్మికునికి ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని భారత ప్రభుత్వము నిర్ణయించే మొత్తాన్ని కనీస సిఫార్సు వేతనము అంటారు. 2020 సెప్టెంబరులో, కోవిడ్ కాలములో ఉద్యోగాలు పోకుండా కాపాడుటకని చెప్పి, గల్ఫ్ దేశాలకు ఈ వేతనాన్ని ప్రభుత్వమే తగ్గించినది. యు.ఎ.ఇ.కి ఇది నెలకు 200 డాలర్లైనది. దీనిపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము దాఖలైనది. 2021 జూలైలో పాత వేతనాలను పునరుద్ధరించారు. గల్ఫ్ యజమాని అడుగకముందే కూలీ ధరను కూలీ స్వంత ప్రభుత్వమే తగ్గించడము ఈ ఉదంతములో గమనించదగ్గ విషయము.

సిరిసిల్ల ఖైదీల ఉదంతము

ఈ ప్రాంతములో అందరికీ తెలిసిన ఉదంతము సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు కార్మికులది. 2000ల మధ్యలో దుబాయిలో నేపాల్ దేశస్థుడైన ఒక కాపలాదారు హత్యకు గురైన కేసులో వీరికి శిక్ష పడినది. తొలుత 10 సంవత్సరాలుగా ఉన్న శిక్ష అప్పీలులో 25 సంవత్సరాలకు పెరిగినది. వీరు దుబాయిలోని అవీర్ జైలులో గడిపారు.

యు.ఎ.ఇ. న్యాయవ్యవస్థలో హతుని వారసుల క్షమాపణకు విలువ ఉన్నది. హతుడు నేపాలీ, శిక్ష పడినవారు భారతీయులు, న్యాయస్థానము దుబాయిది కావున ఇది మూడు దేశాల వ్యవహారమైనది. అయితే ఖాట్మండుకు వెళ్ళినది భారత రాయబారి కాదు. 2011లో అప్పటి సిరిసిల్ల శాసనసభ్యుడు కె. తారక రామారావు నేపాల్ వెళ్ళి, హతుని కుటుంబాన్ని కలిసి, 15 లక్షల రూపాయల పరిహారము అందజేసి క్షమాభిక్ష పత్రాలు తెచ్చారు. అయినను విడుదల వెంటనే జరుగలేదు. నేర తీవ్రత మరియు చట్టములో మార్పుల దృష్ట్యా క్షమాభిక్ష విన్నపాన్ని యు.ఎ.ఇ. అంగీకరించలేదు. 2023 సెప్టెంబరులో దుబాయి పర్యటనలో ఆయన మరల ఈ విషయాన్ని అక్కడి అధికారుల వద్ద ప్రస్తావించారు. చివరకు అనారోగ్య కారణాలపై విడుదలకు అనుమతి లభించి, 2024 ఫిబ్రవరి నాటికి ఐదుగురూ ఇండ్లకు చేరినారు. అప్పటికి జైలులో సుమారు 18 సంవత్సరాలు గడిచినాయి. వెళ్ళేనాటికి చంటిపిల్లలుగా ఉన్నవారు పెండ్లీడుకు వచ్చే కాలమది.

విడుదలకు ఖైదీల బదిలీ ఒప్పందము దారి కాలేదన్నది ఇక్కడ ముఖ్యము. ఒప్పందము శిక్షను తగ్గించదు, జైలును మాత్రమే మార్చుతుంది. క్షమాభిక్ష వేరు, బదిలీ వేరు. ఈ తేడా తెలియక, ఒప్పందము కుదిరినదన్న వార్త విని మనిషి ఇంటికి వస్తాడని ఆశపడే కుటుంబాలు ఉండటము సహజము.

విజిట్ వీసా, కల్లివెల్లి

1983 వలస చట్టము ప్రకారము పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు యు.ఎ.ఇ. సహా కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందాలి. ఆ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా వర్తిస్తుంది. ఏజెంటు చేతిలో విజిట్ వీసాపై వెళ్ళినవారికి ఈ రెండూ ఉండవు. కాగితాల ప్రకారము అతడు పర్యాటకుడు. పర్యాటకునికి కార్మిక ఒప్పందము వర్తించదు, కనీస వేతనము వర్తించదు. పాస్‌పోర్టు మరొకరి వద్ద ఉండి, వీసా గడువు తీరి, చాటుమాటుగా పనిచేసే దశను ఈ ప్రాంతములో 'కల్లివెల్లి' అంటారు. వదిలేయమనే అర్థములో గల్ఫ్‌లో వాడే అరబ్బీ మాట నుండి వచ్చిన పదమిది.

కల్లివెల్లి కార్మికునికి మిగిలేది క్షమాభిక్ష కాలము. యు.ఎ.ఇ. 2007లో, 2012-13లో, 2018లో, 2024 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు ఇటువంటి అవకాశము ఇచ్చినది. జరిమానా లేకుండా, రాయబార కార్యాలయమిచ్చే ఔట్‌పాస్‌తో స్వదేశము చేరవచ్చును. ఇది రెండు దేశాల ఒప్పందము కాదు. అక్కడి ప్రభుత్వము తన ఇష్టానుసారము తెరిచి మూసే ద్వారము. ద్వారము తెరిచినపుడు టికెట్టుకు డబ్బు లేనివాడు, కేసు ఉన్నవాడు వెనుకనే ఉండిపోతాడు.

ఇటీవలి పరిణామాలు

యు.ఎ.ఇ. తన కాన్సులేటును తిరువనంతపురములో 2016లో ప్రారంభించగా హైదరాబాదులో 2023లో ప్రారంభించినది. కేరళ ప్రభుత్వము ప్రవాసుల కొరకు 1996లోనే ప్రత్యేక శాఖను నెలకొల్పినది. కేంద్రములోని ప్రవాస భారతీయ వ్యవహారాల శాఖ 2004లో ఏర్పడి, 2016లో విదేశాంగ శాఖలో కలిసిపోయినది. తెలంగాణ ప్రభుత్వము 2024 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలలో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియాకు ఉత్తర్వులు ఇచ్చి, హైదరాబాదులోని ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కేంద్రాన్ని ప్రారంభించినది. కేంద్ర బీమా ప్రమాద మరణాలకు ఉద్దేశించినది కాగా, గుండెపోటు వంటి సహజ మరణాలకు దాని క్రింద పరిహారము రాదు. ఎండలో పనిచేసి, రాత్రి క్యాంపులో నిద్రలోనే చనిపోయిన మనిషి శవపేటికతో శంషాబాదు విమానాశ్రయము నుండి జగిత్యాలకు, సిరిసిల్లకు వచ్చే అంబులెన్సులలో ఇటువంటి మరణాలూ ఉన్నాయి. మరణ ధ్రువపత్రముపై 'సహజ మరణము' అని వ్రాయించుకొనడమా, పని ప్రదేశపు వేడిమిని కూడా నమోదు చేయించడమా అన్న అంశము నియామకాల అవగాహనా పత్రము పరిధిలోనికి ఇంకను రావలసి ఉన్నది.