నలుపు వెల

మా మేనల్లుడు రెండు నెలలుగా ఒక నలుపు కోసం కూడబెడుతున్నాడు. అది బజారులో దొరికేది కాదు. గిల్డ్ వార్స్ 2 అనే కంప్యూటర్ ఆటలో తన వీరుని కవచానికి వేయవలసినది. దాని పేరు 'అబిస్', అగాధమని అర్థం. ఆ ఆటలో వందల రంగులున్నా, చీకటి వంటి ఈ నలుపునకు గిరాకీ హెచ్చు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా ఇంట ఆ పేరు రోజుకు పదిసార్లయినా వినపడుతున్నది.

అమెరికాలోని ఎరీనానెట్ సంస్థ 2012లో విడుదల చేసిన ఈ ఆటలో రంగుల వ్యవహారం తమాషాగా ఉంటుంది. కవచంలోని ఒక్కొక్క తొడుగుకు నాలుగు రంగుల దాకా వేయవచ్చు. ఒకే రంగు గుడ్డపై ఒక తీరున, తోలుపై మరొక తీరున, లోహంపై ఇంకొక తీరున కనబడుతుంది. అన్నిటికన్న విడ్డూరం, అక్కడ రంగులు చేసే వృత్తి వంటవానిది.

ఈ మాటకు నేను నవ్వాను గాని మా అమ్మ నవ్వలేదు. "మరెవరు చేస్తార్రా? మా ఊళ్ళోనూ వంటింటి సరుకే కదా" అన్నది. ఆమె పుట్టిల్లు శ్రీకాళహస్తి.

అక్కడి కలంకారీ నలుపునకు కావలసినవి తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీరు. వీటిని కుండలో పోసి రెండు మూడు వారాలు పులియనిస్తారు. బట్టను ముందుగా కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు గీతను పక్కకు పాకనివ్వదు. కుండలోని ద్రవం చూడబోతే నల్లగా ఉండదు. కలం బట్టను తాకిన తరువాతనే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి గీత నల్లబడుతుంది. ఎరుపుది మరీ చిత్రం. పటిక నీటితో గీసినప్పుడు ఏమీ కనబడదు. బట్టను మంజిష్ఠతోనో చిరివేరుతోనో ఉడికిస్తే, పటిక తగిలిన మేరకే ఎరుపు తేలుతుంది. తరువాత స్వర్ణముఖి ప్రవాహంలో ఉతకడం.

నేను అనువాదాలు చేసి బ్రతికేవాణ్ణి. లోగడ ఒక ఆట తాలూకు పదాల పట్టీ నా చేతికి వచ్చినప్పుడు 'డై' అని ఉన్న ప్రతిచోటా 'రంగు' అని వ్రాసి పంపాను. అమ్మ ఆ పట్టీ చూసి, "రంగు పైన పూసేది, అద్దకం లోపలికి దిగేది. నీ ఇంగ్లీషు ఎం.ఏ.లో ఇది చెప్పలేదా?" అన్నది. అప్పటికి డబ్బు పుచ్చుకోవడం కూడా అయిపోయింది.

చిరివేరు మాట వచ్చింది గనుక చెబుతాను. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకశాల పెట్టడానికి ఆ తీరపు అద్దకపు బట్టలే ముఖ్యకారణం. గుల్లసున్నం కలిసిన కృష్ణాతీరపు ఇసుకనేలలో పెరిగిన వేరు ఇచ్చే ఎరుపునకు సాటి లేదని పేరు. ఆ ఎరుపునకు మూలమైన అలిజరిన్‌ను 1868లో జర్మన్ రసాయనికులు ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తరువాత వేరు త్రవ్వి బ్రతికేవారికి పని కరవయింది.

మొన్న ఆదివారం మావాడు తన నలుపు కొన్నాడు. వీరుడు నిజంగానే నిశిరాత్రిలా ఉన్నాడు.

"మళ్ళీ ఎప్పుడు కాస్తావురా?" అని అమ్మ అడిగింది.

"మళ్ళీ అక్కరలేదు అమ్మమ్మా. ఒకసారి వచ్చిందంటే ఎప్పటికీ ఉంటుంది. ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు."

"కుండ కడగనక్కరలేదూ?"

"కుండే లేదు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. మరునాడు వాణ్ణి పాత ఇనుము కొట్టుకు పంపి తుప్పుమేకులు తెప్పించింది. రైల్వే కాలనీలో తుప్పుకు కరవా అని వాడు గొణిగితే, సర్కారు సొమ్ము ముట్టవద్దని కసిరింది. చాంపా నేతగాళ్ళ దగ్గర కొన్న కోసా పట్టు ముక్క ఒకటి బీరువాలో ఉన్నది. సహజంగా తేనెరంగులో ఉండే ఆ పట్టుమీద మన నలుపు ఎలా కుదురుతుందో చూడాలని ఆమె కోరిక.

కుండ పెరట్లో ఉన్నది. నేటికి పదకొండవ రోజు. ఏమిటా పులిసిన వాసన అని పక్క క్వార్టరు వారు రెండుసార్లు అడిగారు. మావాడు బడికి పోయేముందు మూత తీసి చూసి, ఇంకా నల్లబడలేదని దిగాలుపడి పోతున్నాడు.