దాపట మోటారు, వలపట మోటారు

రెండు మోటార్లున్న రేడియో విమానపు నమూనాకు చుక్కాని అక్కరలేదు. ఒక్కొక్క రెక్కకు ఒక్కొక్క మోటారు, దానికొక ప్రొపెల్లరు. రెండూ సమానంగా తిరిగితే నేరుగా పోతుంది. ఎడమదానిని నెమ్మది చేస్తే ఎడమకు, కుడిదానిని నెమ్మది చేస్తే కుడికి మళ్ళుతుంది. తోకలో కదిలే పలక ఉండదు, దానిని కదిపే సర్వో ఉండదు. చెరువులో వదిలే జోడు మోటార్ల పడవకూ ఇదే సూత్రం. ఇంగ్లీషువారు దీనిని డిఫరెన్షియల్ థ్రస్ట్ అన్నారు. మనమేమనాలన్నది నేటి నా విషయం. మళ్ళీ పేర్ల గొడవేనా అని పెదవి విరవకండి. ఇటువంటి నమూనాలు నేల కూలే కారణాలలో పేరు కూడా ఒకటని నా వాదన.

నందిగామలో ఒక బడివారి వైజ్ఞానిక ప్రదర్శనలో ఇటువంటి నమూనా ఒకటి చూశాను. థర్మోకోల్ రెక్కలు, బొమ్మకారులోంచి తీసిన మోటార్లు. పక్కన అట్టమీద అందమైన చేవ్రాతతో "అవకలన అభిబలం" అని ఉంది. అంటే ఏమిటి బాబూ అని అడిగితే పిల్లవాడు నోట మాట రాక నిలబడ్డాడు. పోనీ ఎలా తిరుగుతుందో చెప్పు అన్నాను. వెంటనే రెండు పిడికిళ్ళూ ముందుకు చాచి, ఎడమ పిడికిలిని ఛాతీ వైపు లాక్కుని, "ఇటు పట్టి ఉంచితే ఇటు తిరుగుద్దండీ" అన్నాడు. బండి తోలేవాడు పగ్గాలు పట్టే తీరు అది. వాడి చేతులకు తెలిసిన సంగతి అట్టమీది మాటకు తెలియదు.

పైగా ఆ మాట తప్పు కూడా. అవకలనం గణితశాస్త్రపు మాట, కలనగణితంలో దాని చోటు దానికుంది. ఇక్కడి డిఫరెన్షియల్‌కు అర్థం వట్టి తేడా. థ్రస్టుకు మనకు ఊరూరా తిరిగే తోపుడుబండిలోని తోపుడు ఉండనే ఉంది. (తోపు అనవచ్చు గానీ మామిడితోపు అడ్డం వస్తుంది. ఈ కాలపు కుర్రవాళ్ళకైతే ఇంకేదో అర్థం వస్తుంది.) కాబట్టి తోపుడు తేడా. అంతకన్నా ఎక్కువ సంస్కృతం ఈ పనికి అవసరం లేదు.

ఆ తేడా ఎలా పనిచేస్తుందో కొంచెం లెక్కగా చూద్దాం. రేడియో పెట్టెమీద ఒక పుల్ల వేగానిది, ఇంకొకటి మళ్ళింపుది. వేగం నూటికి 60 దగ్గర ఉంచి, కుడికి 20 మళ్ళించామనుకోండి. ఎడమ మోటారుకు 80, కుడి మోటారుకు 40 అందుతాయి. మొత్తం మారలేదు, తేడా మాత్రం 40. ఇప్పుడు వేగాన్ని నూటికి నూరు చేసి అదే 20 మళ్ళించండి. ఎడమదానికి 120 అందాలి. అందదు, నూరు దగ్గరే ఆగుతుంది. కుడిదానికి 80. తేడా 20కి పడిపోయింది, మలుపు సగమైపోయింది. విమానం చేయి దాటి పోతోందన్న కంగారులో కొత్తవాడు చేసే మొదటి పని వేగం పుల్లను చివరిదాకా తొయ్యడం. మలుపు అత్యవసరమైన ఆ క్షణానే దానిని సగానికి తెంపుకుంటున్నాడన్న మాట.

ఇక గాలిలో ఇంకొక చిక్కు. మోటార్ల తేడా విమానపు ముక్కును మాత్రమే పక్కకు తిప్పుతుంది. ముక్కు తిరిగేటప్పుడు బయటి రెక్క వేగంగా కదిలి ఎక్కువ ఎత్తుడు పొందుతుంది. రెక్కలను కొద్దిగా పైకి వంచి అమర్చి ఉంటే ఆ వంపు కూడా తోడై, విమానం లోపలికి ఒరిగి, అప్పుడు మలుపు తీసుకుంటుంది. దీనికంతటికీ కొంత వ్యవధి పడుతుంది. తిరగలేదని ఇంకా నొక్కేవాడు ఆ వ్యవధి గడిచాక రెండింతల మలుపును చూస్తాడు.

వీటన్నిటికీ మించిన ఇబ్బంది కుడి ఎడమలదే. విమానం మన ముందునుంచి అవతలికి పోతున్నంతసేపూ దాని ఎడమ మన ఎడమే. తిరిగి మనవైపు వచ్చేటప్పుడు దాని ఎడమరెక్క మన కుడివైపు ఉంటుంది. పక్కన నిలబడ్డ మిత్రుడు "ఎడమ, ఎడమ!" అని అరుస్తాడు. ఎవరి ఎడమ? ఈ ప్రశ్న తేలేలోగా పత్తికట్టెల మధ్య పడి ఉంటుంది. ఒళ్ళు తిప్పి విమానం పోయే దిక్కుకే నిలబడి, భుజం మీదుగా చూస్తూ నడపమని అనుభవజ్ఞులు చెబుతారు. మంచి ఉపాయమే గానీ అది కంటికి చేసే వైద్యం. మాటకు చేయవలసిన వైద్యం వేరే ఉంది.

నావికులు ఆ వైద్యం ఎప్పుడో చేసుకున్నారు. ఓడ ఎడమ పక్కకు పోర్ట్ అని, కుడి పక్కకు స్టార్‌బోర్డ్ అని పేర్లు పెట్టారు. మనిషి ఎటు తిరిగి నిలబడినా ఓడ పక్కలు మారవు. మన రైతు కూడా ఆ పనే చేశాడు. దాపట, వలపట. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. బండి తోలేవాడికి ఎడమైనది ఎదురు వచ్చేవాడికి కుడి అవుతుంది గానీ, దాపట మాత్రం ఇద్దరికీ దాపటే. కాడి విప్పి కొట్టంలో కట్టేసినా, ఎటు తిరిగి పడుకున్నా, అది దాపటెద్దే. తన స్థానానికి అలవాటుపడ్డ ఎద్దును రెండవ పక్కకు కడితే మొరాయిస్తుంది కూడా. కుడి ఎడమలు చూసేవాడివి, దాపట వలపటలు కాడివి. జోడు మోటార్ల నమూనాకు కావలసింది సరిగ్గా ఇటువంటి మాటలే.

పోలిక మాటల దగ్గరే ఆగదు. బండికి చుక్కాని లేదు. నొగ బండితో ఏకఖండం, ఇరుసు కదలదు, చక్రాలు ఇరుసు చివర్ల మీద దేనికది తిరుగుతాయి. దాపటకు మళ్ళాలంటే దాపటెద్దు పగ్గం బిగబట్టి వలపటెద్దును అదిలిస్తారు. వలపటిది పెద్ద చుట్టు నడుస్తుంది, దాపటిది దాదాపు నిలుచుంటుంది. మోటార్లలో జరిగేదీ అంతే. చూడడానికి ఒకేలా ఉన్న రెండు మోటార్లు ఒకేలా తిరగవు. ఒకటి కొంచెం మందకొడిగా ఉంటే, పుల్ల ముట్టకపోయినా విమానం ఒక పక్కకే లాగుతూ ఉంటుంది. జత కుదరలేదు అనే మాట దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది.

పోలిక ఒక్కచోట తెగుతుంది, ఆ చోటే ముఖ్యం. నిలబడ్డ ఎడ్లతో బండిని తిప్పలేము. నిలబడ్డ మోటార్లతో విమానాన్నీ తిప్పలేము. కానీ ఎడ్లు నిలిస్తే బండి నిలుస్తుంది, మోటార్లు ఆగితే విమానం నిలవదు. దిగేటప్పుడు వేగం పూర్తిగా తగ్గించి తేలుతూ వస్తున్నవాడి చేతిలో మళ్ళింపు పుల్ల ఉంటుంది గానీ మళ్ళింపు ఉండదు. నేల తాకే దాకా కొంచెం తోపుడు ఉంచుకోవాలన్న నియమం అందుకే.

ఈ సంగతి బొమ్మలదే కాదు. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ సంస్థ 232వ సర్వీసు విమానంలో తోక ఇంజను పగిలింది. ఆ ముక్కలకు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ దెబ్బతిని చుక్కానితో సహా కదిలే పలకలన్నీ చచ్చుబడ్డాయి. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం, ప్రయాణికుడిగా ఉన్న డెనిస్ ఫిచ్ అనే శిక్షకుడి సాయంతో, మిగిలిన రెండు రెక్కల ఇంజన్లనే హెచ్చిస్తూ తగ్గిస్తూ సూ సిటీ దాకా తెచ్చారు. దిగేటప్పుడు విమానం బద్దలైంది. అందులోని 296 మందిలో 184 మంది బ్రతికారు. వారిని అక్కడిదాకా మళ్ళించి తెచ్చినది తోపుడు తేడా ఒక్కటే.

మా మెట్టలో ఇప్పుడు ఎడ్లజతలు తగ్గాయి. (2022 ఏప్రిల్ నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా. నోటికి మాత్రం మెట్ట కృష్ణే వస్తుంది.) జాతర్లలో బండలాగుడు పందేల దగ్గర తప్ప పిల్లలకు కాడి కనబడడమే అరుదు. మరి చచ్చిపోతున్న మాటలతో కొత్త విద్య నేర్పడమేమిటని ఒక మిత్రుడు అడిగాడు. ఎడ్లు పోయినా ఆ విద్య పోలేదని నా జవాబు. ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్ళు ఎందుకున్నాయి? చేలో ఒక చక్రాన్ని ఆపి చుట్టు తిప్పుకోవడానికే. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. జగ్గయ్యపేట నుంచి నందిగామకు హైవేమీద బోరెాలతో పోయే ట్రాక్టరువాడు వేగంలో ఒక్క పెడలే తొక్కితే బండి పక్కకు లాగి బోల్తా కొట్టగలదు. తేడాతో మళ్ళడమంటే ఏమిటో ఆటబొమ్మతో నేర్చిన పిల్లవాడికి ఆ కొక్కెం ఎందుకో ఒకరు చెప్పనక్కరలేదు.

నా మాటలలో ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. దాపట, వలపట రెండూ ఒకేలా ముగుస్తాయి. గాలిలో అరిస్తే తోక మాత్రమే వినబడవచ్చు. ఇంగ్లీషు నావికులకూ ఇదే బాధ కలిగింది. వారి ఎడమకు మొదటి పేరు లార్‌బోర్డ్. స్టార్‌బోర్డ్‌తో కలిసిపోయి వినబడుతోందని 1844లో బ్రిటిష్ నౌకాదళం దానిని తీసివేసి పోర్ట్ అన్నమాటనే వాడమన్నది. మనం అంత దూరం పోనక్కరలేదు. దాపట రెక్క చివర ఎరుపు, వలపట రెక్క చివర ఆకుపచ్చ పూస్తే సరి. పెద్ద విమానాల దీపాల రంగులూ అవే. అరిచేటప్పుడు "దాప", "వల" అంటే చాలు. పల్లెల్లో వినబడే ఎలపట తీసుకుంటే "దా", "ఎల" ఇంకా విడివిడిగా వినిపిస్తాయి. గ్రంథాలలోని వలపటనే ఉంచాలా, నోళ్ళలోని ఎలపటకు మారాలా అన్నచోట నాకింకా జత కుదరలేదు.